మైపాడు గట్టు మీద రెండు పాచికలు

స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషి ఆదివారం పొద్దున్నే మనవలతో కంప్యూటర్లో పాచికలు వేస్తున్నాడంటే మా వీధిలో కొందరికి అది జూదమే. డబ్బు ప్రసక్తే లేదంటే నమ్మరు. దీన్ని టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆయన గేమ్ మాస్టర్. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతుంటారు. ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేని చోట పాచిక వేస్తారు. మా మనవలు హైదరాబాదులో, డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్నారు కాబట్టి అందరం ఒక బల్ల చుట్టూ చేరే వీల్లేదు. దూరాన ఉన్నవాళ్ళతో ఈ ఆట ఆడించే సాఫ్ట్‌వేర్లున్నాయి. మొదట రోల్20 వాడాం, ఇప్పుడు ఫౌండ్రీ వాడుతున్నాం. కథ జరిగేది మాత్రం ఇక్కడే, మా నెల్లూరు తీరంలో, మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా సముద్రానికీ బకింగ్‌హాం కాలవకీ మధ్య ఉన్న ఇసుకలో. కాలం ఇప్పటిదే, అక్కడక్కడా దెయ్యాలుంటాయి.

ఈ ఆటలో నాకు బాగా పట్టింది పట్టికలు. ‘ఈ రాత్రి గట్టు మీద ఎవరెదురవుతారు’ అని పైన రాసి, కింద పది పన్నెండు వరసలు రాసుకుంటాం. పాచిక ఏ అంకె చూపిస్తే ఆ వరస జరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో అయితే ఒక్క నొక్కుతో తేలిపోతుంది. అంత సులువు గనకే చాలామంది పట్టిక రాయడాన్ని తేలిగ్గా తీసుకుంటారు. పాచిక ఎవరు వేసినా ఒకటే, దానికి తెలివితో పని లేదు. తెలివంతా పట్టిక రాసేవాడికి ఉండాలి. పిల్లలకి ఆట నడపాలనుకునేవాళ్ళు నన్ను అడుగుతుంటారు, వాళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలు. అంకెలు లెక్కకే వేశాను, ప్రాధాన్యం చూసి కాదు.

1. దొరికిన పట్టికతో మొదలెట్టొద్దు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చినప్పటి నుంచీ ఈ ఆటలో పట్టికలున్నాయి. 1979లో గైగాక్స్ రాసిన ‘డంజన్ మాస్టర్స్ గైడ్’ ఎక్కడ తెరిచినా పట్టికలే. నేలమాళిగలో మలుపు ఎటు తిరగాలి, దారిలో ఏ జంతువు తగలాలి, పెట్టెలో ఏం నగ దొరకాలి, అన్నిటికీ పాచికే. ఆ పుస్తకం మీద నాకు గౌరవం ఉంది. కానీ అందులో ఉన్నది వాళ్ళ ఊహలోని దేశం. తోడేళ్ళు, మంచు కొండలు, పొయ్యి వెలుగుతున్న సత్రం. మే నెలలో కోవూరు దాటి సముద్రం వైపు పోయేవాడికి తోడేలు ఎదురైందంటే పిల్లలు కూడా నవ్వుతారు.

అందుకని మా పట్టిక మేమే రాసుకున్నాం. రాద్దామని కూచుంటే గానీ మన ఊరి గురించి మనకెంత తెలుసో బయటపడదు. రాత్రిళ్ళు గట్టు మీద ఏం కనిపిస్తుందని చేపల వేటకి పోయే ఒక పెద్దాయన్ని అడిగాను. దెయ్యాల కథలు చెబుతాడనుకున్నాను. “ఏం కనపడతయి అయ్యోరా, కుక్కలు కనపడతయి” అన్నాడు. దెయ్యం సంగతేంటంటే, “అదెప్పుడో ఒకసారి గదా” అన్నాడు. ఏ వరస ఎంత తరచుగా రావాలన్న విషయంలో నేను క్లాసులో ఇంతకంటే బాగా చెప్పినట్టు గుర్తులేదు.

2. ఎన్ని పాచికలు వేస్తున్నారో ముందు తేల్చుకోండి.

పన్నెండు ముఖాల పాచిక ఒకటి వేస్తే ప్రతి వరసకీ సమాన వాటా, పన్నెండింట ఒకటి. కుక్కకీ దెయ్యానికీ తేడా ఉండదు. ఆరు ముఖాల పాచికలు రెండు వేసి కూడితే లెక్క మారిపోతుంది. మొత్తం 36 రకాలుగా పడతాయి, అందులో 7 వచ్చేవి ఆరు. 6, 8 వచ్చేవి ఐదేసి. 2 గానీ 12 గానీ రావాలంటే ఒక్కొక్క దారే ఉంది. అంటే మధ్య వరసల్లో రోజూ జరిగేది రాసుకోవాలి, అంచుల్లో ఎప్పుడో జరిగేది.

మన ఇళ్ళలో ఆడవాళ్ళకి ఈ లెక్క పుస్తకం లేకుండానే తెలుసు. అష్టా చెమ్మా ఆడేటప్పుడు నాలుగు గవ్వలు వేస్తారు. వెల్లకిలా పడ్డవి ఎన్నో లెక్క. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే 16 రకాల్లో 2 వచ్చేవి ఆరు, 1, 3 వచ్చేవి నాలుగేసి, చెమ్మకీ అష్టకీ ఒక్కొక్కటే. అరుదైనదానికి ఎక్కువ గడులు, పైగా ఇంకో పందెం! పట్టిక రాసేవాడికి ఇంతకన్నా మంచి నమూనా అక్కర్లేదు. (నిజం గవ్వ రెండు వైపులా సమానంగా పడదు. వీపు గుండ్రం, నోటి వైపు చదును. మీ ఇంట్లో గవ్వలుంటే ఓపిగ్గా వేసి రాసుకు చూడండి.)

మేం జనవరి, ఫిబ్రవరి రాత్రులకి రాసుకున్న పట్టిక ఇది. రెండు పాచికలు, కాలవ గట్టు, టైము రాత్రి పదకొండు దాటాక.

2: ఒక తాబేలు ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడుతోంది. కుక్కలు దూరం నుంచి కాచుక్కూచున్నాయి.
3: మంచులో లాంతరు వెలుగు కదులుతోంది. పిలిస్తే ఆగుతుంది, పలకదు.
4: తెగిన వల ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అందులో ఎవరిదో వెండి కడియం.
5: ఇద్దరు పడవ మోటారు విప్పుతున్నారు. పడవ వాళ్ళది కాదు.
6: రొయ్యల గుంట కాపలావాడు మొహం మీద టార్చి వేసి ఊరి పేరు అడుగుతాడు.
7: కుక్కలు. వెంటపడతాయి, కరవవు.
8: వేటకి పోయేవాళ్ళు పడవ నీళ్ళలోకి తోస్తున్నారు. రవంత చెయ్యెయ్యమంటారు.
9: కాలవ నీరెక్కి దారి మునిగింది. చుట్టూ తిరిగితే గంట.
10: చేపల గంపలతో ఆడవాళ్ళు తొలి బస్సు కోసం ఇప్పుడే వచ్చి కూచున్నారు. వాళ్ళకి తెలియని సంగతి లేదు.
11: దక్షిణాన ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడుతుంది. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచింది.
12: ఉప్పు మళ్ళ దగ్గర ఒక ముసలాయన. మద్రాసుకి పోయే ఉప్పు పడవ ఇంకా రాలేదేమని అడుగుతాడు.

పన్నెండో వరస మీద పిల్లలకి ఆశ. ఆ కాలవలో ఒకప్పుడు ఉప్పూ కట్టెలూ ధాన్యమూ పడవల్లో మద్రాసు పోయేవి. 1877–78 కరువులో కూలికి మట్టి తవ్విన మనుషుల పనీ ఆ కాలవలో ఉంది. ఆ పడవ కోసం ఇప్పటికీ ఎదురుచూసేవాడు ఉన్నాడంటే కథకి అంతకన్నా ఏం కావాలి? అయినా వాడు 36 సార్లలో ఒకసారే రావాలి. ఇక్కడో లెక్క చూడండి. 36 సార్లు వేస్తే ఒక్కసారైనా 12 పడితీరుతుందని అనుకుంటారు. పడే అవకాశం దాదాపు 64 శాతమే. మూడోవంతుకి పైగా ఆటల్లో ఆ ముసలాయన అసలు కనిపించడు. కనిపించకపోయినా పట్టికలో ఉన్నాడని పిల్లలకి తెలుసు, ఉప్పు మళ్ళ దగ్గరికి రాగానే గొంతులు తగ్గిపోతాయి.

3. బరువు చూడటం ఒకటే చాలదు, ఎన్నిసార్లు వేస్తారో కూడా చూడండి.

రోల్20లో ప్రతి వరసకీ పక్కన బరువు వేయొచ్చు. ఏమీ వేయకపోతే అన్నిటికీ ఒకటే. ఫౌండ్రీలో బరువుతోపాటు ఏ అంకె నుంచి ఏ అంకె దాకా అన్న హద్దులూ ఉంటాయి. బరువులు వేసి ఒక మీట నొక్కితే హద్దులు అదే సరిచేసుకుంటుంది. రెండు పాచికల పట్టికకి మాత్రం ఆ మీట జోలికి పోకండి, హద్దులు చేత్తో వేయండి.

బరువు వేయడం కన్నా దాన్ని అర్థం చేసుకోవడం కష్టం. వాతావరణం పట్టికలో తుఫానుకి నూటికి ఒకటి పెట్టామనుకోండి. చాలా తక్కువనిపిస్తుంది. రోజుకోసారి ఆ పట్టిక వేస్తే 30 రోజుల్లో తుఫాను వచ్చే అవకాశం 26 శాతం. ఏడాది పొడుగునా వేస్తే 97 శాతం దాటుతుంది. గంటకోసారి వేసే గేమ్ మాస్టర్లున్నారు, వాళ్ళ తీరంలో వారానికో ప్రళయం. ఒకే అంకె, ఒకే పట్టిక. ఎంత తరచుగా వేస్తామన్నదే మొత్తం ఫలితాన్ని మార్చేస్తుంది. ఇది ఆటలకే కాదు, వరద గట్లు కట్టే ఇంజనీర్లకీ వర్తిస్తుంది గానీ అటు పోతే తిరిగి రాను.

4. రుతువుకో పట్టిక.

ఏడాదంతటికీ ఒకే వాతావరణ పట్టిక రాసినవాడు ఈ తీరంలో ఒక్క ఏడాది కూడా ఉండలేదని నా నమ్మకం. తెలంగాణకీ కోస్తాలో మిగతా జిల్లాలకీ జూన్ నుంచి పడే వానలు ముఖ్యం. మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి తెచ్చే వానే పెద్ద వాన. తుఫాన్లూ అప్పుడే. 1984 నవంబరులో శ్రీహరికోట వైపు తాకింది, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం, ఆ రోజుల్లో ఎనిమిదో వరసలో పడవ తోసేవాళ్ళు ఉండరు. వాళ్ళ బదులు చెట్టు నీడన వల బాగుచేసుకునేవాళ్ళుంటారు. ఫిబ్రవరిలో గుడ్లు పెట్టే తాబేలు ఆగస్టులో ఉండదు. పులికాట్‌లో రాజహంసలు చలికాలంలో ఉంటాయి, వేసవి ముదిరితే పోతాయి.

కాబట్టి నాలుగు పట్టికలు. ఫౌండ్రీలో ఒక పట్టిక వరసలో ఇంకో పట్టికని పెట్టొచ్చు. పైది వేస్తే కిందిది కూడా అదే వేసి ఫలితం చెబుతుంది. మేం వలకి అలాగే చేశాం. మొదటి పట్టిక ‘వలలో ఎంత’, రెండోది ‘వలలో ఏమి’. మొదటిదాంట్లో ఖాళీ వల అని వస్తే రెండోదాని జోలికి పోదు. కొద్దిగా అని వస్తే నెత్తళ్ళు, కవళ్ళు, జెల్లలు ఉన్న పట్టికకి పోతుంది. నిండుగా అని వస్తే కానగంతలు, వంజరం, చందువ ఉన్నదానికి. అక్కడా ఒక వరసలో సొర ఉంటుంది, అది వచ్చినప్పుడు వల చిరుగుతుంది. పట్టికల్లో పట్టికలు పెట్టడం సరదాగా ఉంటుంది, అలవాటైతే ఆగరు. రెండు మెట్లు దాటితే ఏది ఎంత తరచుగా వస్తుందో రాసినవాడికే తెలియకుండా పోతుంది. నా హద్దు రెండు.

5. జవాబు తెలిసిన ప్రశ్నకి పాచిక వేయొద్దు.

పోటు ఎప్పుడొస్తుందో పంచాంగం చూస్తే తెలుస్తుంది. అమావాస్యకీ పున్నానికీ ఎక్కువ, అష్టమికి తక్కువ. దానికి పాచిక ఎందుకు?

6. ఖాళీ వరసలు ఉండాలి.

పిల్లలకి ఇది నచ్చదు. పాచిక వేశాక ‘ఏమీ లేదు, గాలి’ అని వస్తే మొహాలు వేలాడేస్తారు. డాలస్‌లో ఉన్నవాడైతే “బోరింగ్ తాతా” అని టైప్ చేస్తాడు, నోటితో అనడానికి భయం. వలల పట్టికలో నేను ఖాళీ వలకి ఇచ్చిన బరువు నిండు వలకి ఇచ్చినదానికంటే ఎక్కువ. డీజిలు పోసుకుని రాత్రంతా తిరిగి ఉత్త చేతులతో ఒడ్డుకి రావడం ఎలా ఉంటుందో ఆ వరస చెబుతుంది. అప్పుడే పాత్రలు అప్పు గురించి మాట్లాడుకుంటాయి, పడవ ఎవరిదన్న పోట్లాట వస్తుంది. నిండు వల వచ్చినప్పుడు ఒడ్డున వేలంపాటలో ఎవరు ఎంతకి పాడారన్న దాని మీద గంటసేపు ఆట నడిచింది. రోజూ నిండు వలలైతే ఆ గంట ఉండేది కాదు.

7. తీసినది మళ్ళీ కలపాలా, వద్దా?

పాచిక ఎన్నిసార్లు వేసినా దానికి గతం గుర్తుండదు. పేక ముక్క అలా కాదు, ఒకసారి తీసి పక్కన పెడితే మిగిలినవాటి లెక్క మారుతుంది. సాఫ్ట్‌వేర్ రెండు పద్ధతులూ ఇస్తుంది. ఫౌండ్రీలో ఒక చిన్న గడిలో టిక్కు ఉంటే తీసిన వరస మళ్ళీ కలుస్తుంది. టిక్కు తీసేస్తే ఒకసారి వచ్చింది అయిపోయినట్టే, మళ్ళీ మనం మొదటికి తెచ్చేదాకా రాదు.

నేను పెట్టుకున్న నియమం ఇది. కుక్కలు, కాపలావాళ్ళు లాంటివి కలపాలి. పేరున్న మనిషి, ఒకే ఒక్క వస్తువు, చావు, ఇవి కలపకూడదు. అదే వెండి కడియం రెండో రాత్రి కూడా వలలో దొరికితే కథ చచ్చిపోతుంది. 12 వరసలు సమానంగా ఉన్న పట్టికని 5 సార్లు వేస్తే ఏదో ఒకటి రెండోసారి వచ్చే అవకాశం 62 శాతం అని చెబితే మా హైదరాబాదు మనవరాలు నమ్మలేదు. కాగితం మీద గుణించి చూపించాను, అప్పుడు కూడా “సాఫ్ట్‌వేర్లో ఏదో తేడా ఉంది తాతా” అంది. దాని సంగతి కింద చెబుతాను.

8. యంత్రం మోసం చేయదు, మన గుండె చేస్తుంది.

మూడుసార్లు వరసగా ఏడు పడితే పిల్లలు యంత్రం పాడైందంటారు. చాలాసేపు పన్నెండు పడకపోతే “ఈసారి పడాలి” అంటారు. రెండూ ఒకే జబ్బు. పాచికకి ఎవరి బాకీ లేదు, ఇన్నాళ్ళూ పడలేదు గనక ఇప్పుడు పడి తీర్చాలన్న నియమం దానికి లేదు.

సాఫ్ట్‌వేర్ పాచిక లోపల ఉన్నది ఒక లెక్క. ఫౌండ్రీలో వాడేది మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతి. జపాన్‌కి చెందిన మాకోటో మత్సుమోటో, తకుజి నిషిముర 1990ల చివర్లో చేశారు. అది పుట్టించే అంకెల వరస మళ్ళీ మొదటికి రావాలంటే 2ను 19,937 సార్లు గుణించినంత దూరం పోవాలి. మా పిల్లల ఆట అంతసేపు నడవదు. మా తరం స్టాటిస్టిక్స్ వాళ్ళకి ఇలాంటిది పుస్తకంలోనే దొరికేది. 1927లో టిప్పెట్ అచ్చు వేయించిన అంకెల పట్టికలో 41,600 అంకెలుండేవి. 1955లో ర్యాండ్ కార్పొరేషన్ పది లక్షల అంకెలతో పుస్తకం వేసింది. అందులో కథ లేదు, అర్థం లేదు, అంకెలే. కళ్ళు మూసుకుని ఎక్కడో వేలు పెట్టి అక్కణ్ణుంచి చదువుకుంటూ శాంపిళ్ళు తీసేవాళ్ళం. ఆ వరసల్లో కూడా ఒకే అంకె నాలుగుసార్లు పక్కపక్కన కనిపించేది. కనిపించకపోతేనే అనుమానించాలి.

మా మనవరాలికి దీనితో తృప్తి కలగలేదు గనక నలుడి కథ చెప్పాను. జూదంలో రాజ్యం పోగొట్టుకుని బాహుకుడి పేరుతో ఋతుపర్ణుడి రథం తోలుతుంటాడు నలుడు. దారిలో తాండ్ర చెట్టు చూసి ఋతుపర్ణుడు దాని ఆకులూ కాయలూ ఎన్నో చెబుతాడు. నలుడు రథం ఆపి లెక్కపెడితే సరిగ్గా అంతే ఉంటాయి. ఆ లెక్క తెలిసినవాడే అక్షహృదయం, అంటే పాచికల మర్మం, తెలిసినవాడు. తన అశ్వవిద్య ఇచ్చి నలుడు ఆ విద్య తీసుకుంటాడు. చెట్టు ఎక్కకుండా కాయలు లెక్క చెప్పడానికీ పాచికల మర్మానికీ సంబంధం పెట్టిన ఆ కథ చూసి సంభావ్యత చరిత్ర రాసే పడమటి దేశాల పండితులు కూడా ఆశ్చర్యపోయారు. పాతకాలంలో ఆ తాండ్ర కాయలనే పాచికలుగా వేసేవారని కూడా గుర్తుంచుకోండి. ఈ కథ విన్న ధర్మరాజు బృహదశ్వుడి దగ్గర అదే విద్య నేర్చుకుని, విరాటరాజు కొలువులో కంకుభట్టుగా పాచికలాడుతూ ఏడాది గడుపుతాడు. మన నెల్లూరి తిక్కన భారతం మొదలుపెట్టింది సరిగ్గా ఆ విరాటపర్వంతోనే. మా మనవరాలు అంతా విని, “అయితే కంకుభట్టు గేమ్ మాస్టరా?” అంది. కాదని చెప్పడానికి నాకు కారణం దొరకలేదు.

9. వరసలో వస్తువు చాలదు, జరుగుతున్న పని రాయండి.

‘సొర చేప’ అని రాస్తే పాచిక పడ్డాక అందరూ గేమ్ మాస్టర్ మొహం చూస్తారు. ‘సొర వలలో పడింది, వల ఒకరిది, పడవ ఇంకొకరిది, ఇద్దరూ చేప నాదంటున్నారు’ అని రాస్తే పిల్లలే అందుకుంటారు. పైన ఇచ్చిన పట్టిక మళ్ళీ చూడండి, చాలా వరసల్లో ఎవరో ఏదో కోరుతున్నారు. పడవ తోయమని, ఊరి పేరు చెప్పమని, ఉప్పు పడవ రాలేదేమని. కుక్కలు సైతం. ఇది నా కొత్త సిద్ధాంతం కాదు, ఒడ్డున నిలబడి విన్న ఎవరికైనా తెలిసేదే. ఆ ఇసుకలో ఊరికే నిలబడి ఉండే మనిషి ఎవడూ లేడు.

10. ఒకదాని వెంట ఒకటి వచ్చేవాటిని విడివిడిగా వేయొద్దు.

రొయ్యల గుంట మీద ఆట నడిపినప్పుడు దీని విలువ తెలిసింది. మామూలుగా రాసేవాడు కరెంటు పోవడానికి ఒక పట్టిక, రొయ్యలు చావడానికి ఇంకో పట్టిక, వానకి మరోటి రాస్తాడు. మూడూ వేరువేరుగా వేస్తాడు. కానీ గుంట అలా నడవదు. గాలివాన వస్తే కరెంటు పోతుంది. కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది, అప్పుడు ఏరేటర్లు ఆగి జనరేటరులో డీజిలు లేకపోతే రొయ్యలు పైకి తేలతాయి. ఒక రాత్రిలో పంట పోతుంది. పైగా ఈ తీరం 1990ల నడుమ తెల్లమచ్చ తెగులు చూసింది. ఆ తర్వాత వనామి వచ్చింది, మళ్ళీ గుంటలు నిండాయి, ధర మాత్రం కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న కౌంటు మీద ఊగుతూనే ఉంది.

దీన్ని పట్టికలో పెట్టాలంటే సులువైన దారి ఉంది. రెండు పాచికలకి తోడు ఒక అంకె కలపడమే. మామూలు రాత్రి ఏమీ కలపొద్దు. వానపడితే ఒకటి కలపండి. కరెంటు పోతే రెండు. జనరేటరు లేకపోతే ఇంకో రెండు. పట్టికని 2 నుంచి 17 దాకా రాసుకుని, కష్టాలన్నీ పై అంకెల్లో, పంట పోవడం 12 పైన పెట్టండి. ఫౌండ్రీలో పాచికల సూత్రం రాసే చోట ఆ కూడిక రాస్తే అదే చూసుకుంటుంది. అంకె పట్టిక హద్దు దాటితే మాత్రం ఫలితం ఏమీ రాదు, అందుకే చివరి వరసని కొంచెం పొడుగ్గా రాయాలి. మామూలు రాత్రి 12 దాటదు గనక పంట పోవడం అసలు జరగదు. అన్ని కష్టాలూ కలిసిన రాత్రి 12 దాటే అవకాశం దాదాపు 42 శాతం ఉంటుంది. ఒక కూడికతో గుంట గుంటలాగా ప్రవర్తిస్తుంది.

11. కొన్నిటిని పట్టికలో పెట్టొద్దు.

2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరాన్నీ తాకింది. కాలవ కొంత నీటిని తనలోకి తీసుకుని లోపలి ఊళ్ళకి కొంత అడ్డుపడింది. ఆ వివరం కథకి పనికొస్తుంది, ఆకర్షణీయంగా కూడా ఉంటుంది. నేను పట్టికలో పెట్టలేదు, పెట్టను. మా పిల్లలు వినేదీ ఆడేదీ ఈ ఊళ్ళ కథే, అప్పుడు మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి. అలాంటి సంగతి ఒక నొక్కుతో పాచిక చెప్పేది కాకూడదు. కథలో రావాలంటే గేమ్ మాస్టర్ తీసుకురావాలి, ఆడేవాళ్ళని అడిగి తీసుకురావాలి. మెల్‌బోర్న్ మనవరాలు దీనికి ఒప్పుకోలేదు. “తుఫాను ఉందిగా తాతా, అదీ మనుషుల్ని చంపిందిగా” అంది. దాని మాటలో న్యాయం ఉంది. ఇప్పటికి మా ఏర్పాటు ఏమంటే, తుఫాను పట్టికలో గాలీ వానా పడిన స్తంభాలూ ఉంటాయి, ప్రాణాలు పోవడం ఉండదు. ఆ గీత ఎక్కడ గీయాలో ఎవరి బల్ల వాళ్ళది.

12. కాగితం మీద ఒక నకలు ఉంచుకోండి.

నెట్ పోతుంది, లాప్‌టాప్ పాతబడుతుంది. రెండు పాచికలూ ఒక కాగితమూ ఉంటే చాలు. పాచికలు లేకపోతే నాలుగు గవ్వలు.

13. రెండు వరసలు పిల్లలకి వదలండి.

పట్టిక మొత్తం మీరే రాస్తే వాళ్ళు అందులో చుట్టాల్లాగా తిరుగుతారు. మేం ప్రతి పట్టికలో చివరి రెండూ వాళ్ళచేత రాయిస్తాం. డాలస్ మనవడు మైపాడు చూసింది సెలవుల్లో వచ్చినప్పుడే. ఏం రాస్తాడో అనుకున్నాను. ‘టీ బంకు వెనక ఎవరో నిన్నటి చేపల పులుసు వేడి చేస్తున్నారు. మామిడికాయ వాసన. మిమ్మల్ని పిలవలేదు’ అని రాశాడు. తొమ్మిదో పాఠం వాడికి చెప్పకుండానే వచ్చింది. దానికి బరువు మాత్రం ఆరు పెట్టాడు. రాత్రి పదకొండు దాటాక ఈ గట్టు మీద అన్నిసార్లు చేపల పులుసు తగలదురా అని రెండుకి తగ్గించాను. మర్నాడు చూస్తే మళ్ళీ ఆరు ఉంది. వాడు కాదట, వాళ్ళ నానమ్మ మార్చిందట.